ఏది మిగిలితే అదే మిషను

చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు వచ్చే హైవే మీద మార్టూరు చేరుతుండగానే రోడ్డు పక్కన గ్రానైటు పలకలు వరసగా నిలబెట్టి కనిపిస్తాయి. చీమకుర్తి నల్లరాయి, బల్లికురవ బూడిదరంగు రాయి ఇక్కడి ఫ్యాక్టరీలకి కోతకి, పాలిషుకి వస్తాయి. నల్లరేగడిలో పత్తి, మిరప, పొగాకు పండించుకునే ఊళ్ళు రాతిపొడికి కూడా అలవాటుపడ్డాయి. ఈ పనులన్నిటి వెనకా ఉండే ఒక మిషను గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. క్వారీలో జాక్‌హామర్ రాయిలోకి దిగాలన్నా, పాలిషు మిషను తలలు పలక మీద ఒత్తి పట్టాలన్నా, జిన్నింగు మిల్లులో సందుల్లో ఇరుక్కున్న దూది ఎగరాలన్నా, లారీ టైరు నిండాలన్నా గాలి కావాలి. ఆ గాలిని పీల్చి, నొక్కి, ట్యాంకులో నిలవ పెట్టేది కంప్రెసర్.

పుణెలో 1958లో మొదలైన కిర్లోస్కర్ న్యూమాటిక్, కోయంబత్తూరులో 1960లో మొదలైన ఎల్జీ వంటి కంపెనీలు పోత ఇనుముతో చేసిన పాత మిషన్లు ఈ దేశపు షెడ్లలో ఇప్పటికీ తిరుగుతున్నాయి. అలాంటిదాన్ని చూపించి యజమాని ‘ఇది మా నాన్నగారు కొన్నదండీ’ అంటాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కాని నాన్నగారు కొన్న తర్వాత పిస్టన్ రింగులు మారాయి. సిలిండరు అరిగితే లేత్ షాపులో బోరింగు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేశారు. మరోసారి స్లీవు దించారు. వాల్వు ప్లేట్లు, గాస్కెట్లు, బెల్టులు లెక్కలోకే రావు. మోటారు కాలిపోతే ఒకసారి వైండింగు చేయించారు, ఆ పైసారి మోటారే మార్చారు. ట్యాంకు తుప్పుపట్టి పోతే ఇంకోటి తెచ్చారు. పాతవాటిలో మిగిలింది క్రాంక్‌కేసు, ఫ్లైవీలు, ఇత్తడి నేమ్‌ప్లేటు. రేపు ఆ క్రాంక్‌కేసు కూడా పగిలితే? అప్పుడు కూడా అది నాన్నగారి మిషనేనా?

ప్రశ్న షెడ్డులో పుట్టింది గాని షెడ్డులో తీరేది కాదు. బౌద్ధ ఆచార్యులు, తార్కికులు, ఆగమ పండితులు శతాబ్దాల తరబడి తలపడింది దీనితోనే. వాళ్ళు మాట్లాడింది రథం గురించీ గుడ్డ గురించీ విగ్రహం గురించీ. లోపలి బెంగ మాత్రం మనిషి గురించి. ఒంట్లో ఉన్నదంతా మారిపోతూ ఉంటే నిన్నటివాడు చేసిన అప్పు ఇవాళ్టివాడు ఎందుకు తీర్చాలి? ఈ జన్మలో చేసిన పనికి పై జన్మలో ఎవరు అనుభవించాలి?

ముందు మిషను విప్పి చూద్దాం. రెండు దశల కంప్రెసర్‌లో పెద్ద సిలిండరు ఒకటి, చిన్న సిలిండరు ఒకటి ఉంటాయి. పెద్దది బయటి గాలిని పీల్చి కొంత నొక్కుతుంది. ఆ గాలి రెక్కలున్న గొట్టం గుండా చల్లబడుతూ చిన్నదానిలోకి పోతుంది. అది మళ్ళీ నొక్కి ట్యాంకులోకి తోస్తుంది. మధ్యలో చల్లబరచడం ఎందుకంటే, నొక్కిన గాలి వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని ఒకే ఊపులో 7 కేజీల ఒత్తిడికి తెస్తే లెక్క ప్రకారం 250 డిగ్రీలు దాటాలి. సిలిండరు గోడలు కొంత వేడిని లాగేసుకున్నా, మిగిలిన వేడికే గాలిలో కలిసిన నూనె మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గు వాల్వు మీద పేరుకుంటుంది. హెడ్డు విప్పి చేతిలోకి తీసుకుంటే అక్కడ ఉండేది ఒక సన్నటి స్టీలు రేకు, దాని అంచున గోటితో గీకితే రాని నల్లటి పెచ్చు. ఆ పెచ్చు అడ్డుపడి రేకు పూర్తిగా మూసుకోదు. నొక్కిన వేడిగాలి వెనక్కి జారుతుంది, మళ్ళీ నొక్కుడుపడుతుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా బొగ్గు కడుతుంది. మిషను రోజంతా ఆడుతూనే ఉంటుంది, ట్యాంకు మాత్రం నిండదు. పని తెలిసిన మెకానిక్ హెడ్డు విప్పకముందే గాలి ఫిల్టరు దగ్గర అరచెయ్యి పెడతాడు. లోపలికి పీల్చవలసిన చోట చేతికి గాలి ఎదురు తగిలితే లోపలి వాల్వు పట్టడం లేదన్నమాట.

పాత మిషన్ల ఫ్లైవీలు ఆకులు ఊరికే పోసినవి కావు. వాటిని వాలుగా పోసింది తిరిగేటప్పుడు సిలిండర్ల మీదికి గాలి తోయడానికి. అందుకే చాలావాటి మీద ఎటు తిరగాలో బాణం గుర్తు ఉంటుంది. వైండింగు చేయించి తెచ్చిన మోటారుకి త్రీఫేజు తీగలు రెండు తారుమారైతే మిషను ఎదురు తిరుగుతుంది. గాలి నింపుతుంది, చప్పుడూ మారదు, ఎవరికీ అనుమానం రాదు. చల్లగాలి మాత్రం సిలిండర్ల మీద పడదు. కొన్నాళ్ళకి హెడ్డు మాడిపోతే ‘పాతదైపోయింది, ఇక దీనిపని అయిపోయింది’ అని మిషను మీద నేరం మోపుతారు. ఇలా మనుషుల పొరపాటుకి ఇనుము మాటపడడం ఈ వృత్తిలో చాలా ఎక్కువ.

ఇక నాగసేనుడి దగ్గరికి వద్దాం. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు గ్రీకు రాజు మెనాండర్‌ని బౌద్ధులు మిలిందుడన్నారు. సాగల నగరంలో ఆ రాజుకీ నాగసేన భిక్షువుకీ నడిచిన సంవాదమే ‘మిలిందపన్హ’. రాజు రథమెక్కి వచ్చాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా అని భిక్షువు ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. ఏదీ కాదన్నాడు రాజు. అన్నీ కలిపి కుప్పపోస్తే? అదీ కాదు. ఇవన్నీ వదిలేసి వేరే ఇంకేదైనా ఉందా? లేదు. మరి ఎక్కివచ్చానన్న రథమేది? భాగాలను ఆధారం చేసుకుని జనం వాడుకునే పేరే రథమని చివరికి రాజే ఒప్పుకున్నాడు. మనిషి కూడా అంతేనన్నది భిక్షువు చెప్పదలచిన మాట.

ఇది మార్టూరుకి పరాయి మాట అనిపించనక్కరలేదు. 2022లో మార్టూరు చేరిన బాపట్ల జిల్లాలోనే భట్టిప్రోలు ఉంది. అక్కడి స్తూపం నుంచి 1892లో అలెగ్జాండర్ రే ధాతువుల పేటికలు బయటికి తీశాడు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం ఉంది. కృష్ణ ఒడ్డున అమరావతి, ఇంకా పైకి పోతే నాగార్జునకొండ. ఏ వస్తువుకీ తనంత తానుగా నిలబడే స్వభావం లేదని వాదించిన ఆచార్యుడి పేరు ఆ కొండది. ఆ కొండ కిందిలోయకి పట్టిన గతి చూస్తే ఆయన వాదానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. 1955లో నాగార్జునసాగర్ డ్యాముకి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోపు పురావస్తు శాఖవాళ్ళు తవ్వకాలు సాగించి, ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని ఊడదీసి కొండ మీదా అనుపు దగ్గరా తిరిగి నిలబెట్టారు. ఆ నీళ్ళే కుడి కాలువ గుండా గుంటూరు, ప్రకాశం చేలకి పారాయి. విహారాన్ని విప్పి బిగిస్తేనే ఈ మైదానం పచ్చబడింది.

తార్కికులైన నైయాయికులు మాత్రం నాగసేనుడి జవాబుకి ఒప్పుకోరు. పదిహేడో శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు తెలుగువాడు. దేశంలో తర్కం నేర్చుకునేవాళ్ళు ఇవాళ్టికీ మొదట పట్టుకునేది ఆ చిన్న పుస్తకాన్నే. ఆ సంప్రదాయం భాగాలు వేరు, వాటిలో ఇమిడి ఉండే మొత్తం వేరు అంటుంది. అవయవాలు వేరు, అవయవి వేరు. దారాల్లో గుడ్డ ఉంది, అంతమాత్రాన దారాలే గుడ్డ కాదు. దారాల కుప్ప ఒంటికి చుట్టుకోలేం. గోనెసంచిలో పోసుకొచ్చిన పిస్టను, రింగులు, క్రాంకు చుక్క గాలిని కూడా నొక్కలేవు. బిగించిన మిషను నొక్కుతుంది. పని చేసేది ఉత్త పేరు ఎలా అవుతుందన్నది వాళ్ళ ప్రశ్న. బలమైన ప్రశ్నే. కాని దీన్ని నిలబెట్టుకోవడానికి వాళ్ళు ఒక కష్టమైన మాట ఒప్పుకోవలసి వచ్చింది: ఒక్క దారం తీసినా ఆ గుడ్డ నశించి వేరే గుడ్డ పుట్టినట్టే. ఆ లెక్కన రింగు మార్చిన ప్రతిసారీ పాత కంప్రెసర్ పోయి కొత్త కంప్రెసర్ పుట్టినట్టు. దీపం వత్తి మీద జ్వాల క్షణక్షణం మారుతున్నా ‘అదే దీపం’ అన్నట్టు, పోలిక చూసి మనం ఒకటనుకుంటున్నాం అంతే.

విజయదశమి నాడు ఈ రెండు వాదాలూ ఒకే షెడ్డులో కనిపిస్తాయి. ముందురోజు మిషను విప్పి కడిగినప్పుడు నాగసేనుడిది పైచెయ్యి: బల్ల మీద పరిచిన సామానులో కంప్రెసర్ ఎక్కడా లేదు. మర్నాడు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేటప్పుడు నైయాయికుడిదే గెలుపు. బొట్టు ఒక్కో రింగుకీ ఒక్కో బోల్టుకీ విడివిడిగా పెట్టరు, మొత్తం మిషనుకి పెడతారు. అజ్ఞాతవాసంలో పాండవులు జమ్మిచెట్టు మీద దాచిన ఆయుధాలను తిరిగి అందుకున్న రోజని చెప్పుకునే పండగ ఇది. పోయినేటి మొక్కు, ఈ ఏటి మొక్కు ఒకే వస్తువుకి చెందుతున్నాయన్న నమ్మకం లేకపోతే ఆ బొట్టుకి అర్థమే ఉండదు.

గ్రీకులకీ ఇదే చిక్కు వచ్చింది. థీసియస్ ఎక్కి వచ్చిన ఓడలో పుచ్చిన చెక్కలు తీసి కొత్తవి వేసుకుంటూ ఏథెన్సు వాళ్ళు దాన్ని కాపాడుకున్నారని, అది అదే ఓడా కాదా అని తత్వవేత్తలు కొట్టుకున్నారని ప్లూటార్క్ రాశాడు. 1655లో థామస్ హాబ్స్ ఇంకో మెలిక పెట్టాడు. తీసేసిన పాత చెక్కలన్నీ ఎవరో దాచి, అదే వరసలో ఇంకో ఓడ కడితే? హాబ్స్‌కి అది ఊహ. పాత ఇనుము కొట్లలో అది రోజువారీ వ్యాపారం. ఒకదాని హెడ్డు, ఇంకోదాని ట్యాంకు, మూడోదాని మోటారు కలిసి నాలుగో మిషనుగా రంగేసుకుని అమ్ముడుపోతాయి. ఎవరి పిస్టను ఎవరి సిలిండరులో ఆడుతోందో చెప్పగలిగేవాడు లేడు.

ఏది అసలుదో తేల్చడం అసాధ్యమని ఇక్కడితో వదిలేయవచ్చు. చాలామంది వదిలేస్తారు కూడా. కాని ప్రశ్నను కొంచెం పక్కకి తిప్పితే దారి దొరుకుతుంది. ‘అదేనా, కాదా’ అని ఎవరు అడుగుతున్నారు, ఏ సందర్భంలో అడుగుతున్నారు అని చూడాలి.

మార్టూరు ఊరినే తీసుకోండి. 1970కి ముందు అది గుంటూరు జిల్లాలో ఉంది. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడింది, దానికే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఇళ్ళు కదలలేదు, చేలు కదలలేదు. జిల్లాలు మూడు మారాయి. రాష్ట్రం మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్ అయింది. ఊరి మీదుగా పోయే హైవే 5వ నంబరు నుంచి 16వ నంబరైంది. అయినా ‘నేను అప్పు తీసుకున్నది గుంటూరు జిల్లా పొలం మీద, ఈ బాపట్ల జిల్లా పొలానికి ఆ బాకీ చెందదు’ అని ఎవరైనా అంటే చెల్లదు. హద్దులు మారినా హక్కు దాటి వస్తుంది, బాకీ కూడా దాటి వస్తుంది.

నాగసేనుడు ఈ సంగతి ఎరుగును. రథం ఉత్త పేరే అన్న అదే భిక్షువు, ఇంకోచోట మామిడిపళ్ళ దొంగ కథ చెప్పాడు. ఒకడు పళ్ళు దొంగిలించి దొరికిపోయాడు. ‘చెట్టు యజమాని నాటింది టెంక, నేను కోసుకున్నది పళ్ళు, రెండూ వేరు, కనుక నాకు నేరం లేదు’ అన్నాడు. శిక్ష పడాలా వద్దా అని అడిగితే పడాల్సిందేనన్నాడు రాజు. నాటిన టెంక వల్లనే కదా ఈ పళ్ళు వచ్చాయి! మళ్ళీ పుట్టేవాడు చనిపోయినవాడేనా అంటే నాగసేనుడి జవాబు ఇదే దారిలో నడుస్తుంది: వాడూ కాదు, వేరేవాడూ కాదు, కాని చేసిన కర్మ నుంచి తప్పించుకోలేడు. నైయాయికులు బౌద్ధుల మీద వేసిన పెద్ద ఆక్షేపణా ఇక్కడిదే. అన్నీ క్షణికమైతే చేసినవాడికి ఫలం దక్కకుండా పోతుంది, చెయ్యనివాడి నెత్తిన వచ్చి పడుతుంది. రెండు పక్షాలవాళ్ళూ వస్తువు గురించి కొట్లాడుకున్నట్టు కనిపించినా, ఇద్దరికీ వదులుకోవడం ఇష్టంలేనిది ఒక్కటే: జవాబుదారీ.

కోటప్పకొండ తిరునాళ్ళకి పోయేవాళ్ళు దీన్ని పుస్తకం లేకుండానే చెప్తారు. ఏటా శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళు ఎత్తైన ప్రభలు కట్టుకుని కొండకి తీసుకుపోతాయి. కట్టిన ప్రభను పండగయ్యాక విప్పేస్తారు. మరుసటేడు మళ్ళీ కడతారు. వెదుర్లు మారినా, బట్ట మారినా, మోసేవాళ్ళు మారినా అది ‘మా ఊరి ప్రభ’. ఏడాది తప్పకుండా తీర్చవలసిన మొక్కు ఒకటుంది, దాన్ని భుజాన వేసుకున్న ఊరు ఉంది. ప్రభ ఒకటే అనడానికి అంతకు మించి కట్టె ఏదీ అక్కరలేదు.

కాబట్టి ‘ఇది మా నాన్నగారి మిషను’ అన్న వాక్యం ఇనుము గురించి చెప్పే మాట కాదు. నాన్నగారు ఏ పనికి కొన్నారో ఆ పని ఆగకుండా చూస్తున్నాను, ఆయన చేయించిన మరమ్మతు మంచిదైనా చెడ్డదైనా దాని ఫలం నాదే అని ఒప్పుకోవడం అది. అలా ఒప్పుకోనివాడు ఒక్క బోల్టు కూడా మార్చకుండా మిషనును అద్దాల బీరువాలో పెట్టినా అది ఇంకేదో అయిపోతుంది.

ఆగమశాస్త్రం ఈ పనికి ఒక పద్ధతే ఏర్పరచింది. గర్భగుడిలో మరమ్మతు చేయవలసి వచ్చినప్పుడు మూలమూర్తిలోని శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయమనే తాత్కాలిక స్థానంలో నిలిపి పూజలు అక్కడ జరుపుతారు. పని పూర్తయ్యాక తిరిగి మూలమూర్తిలోకి తెస్తారు. తిరుమలలో 12 ఏళ్ళకోసారి జరిగే ఈ అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ 2018 ఆగస్టులో జరిగింది. అష్టబంధనమంటే ఎనిమిది ద్రవ్యాలు కలిపి దంచిన ముద్ద. విగ్రహానికీ పీఠానికీ మధ్య సందు లేకుండా పట్టి ఉంచేది అదే. హెడ్డుకీ సిలిండరుకీ మధ్య గాస్కెట్ ఎలాగో అలాగ, అది కాలం తీరేదనీ తీరకముందే మార్చాలనీ పెద్దలు మొదటినుంచీ లెక్కలో పెట్టుకున్నారు. దేవుడు నిత్యుడు, ఆయన్ని పట్టి ఉంచే ముద్ద అనిత్యం. ఈ రెండిటినీ ఒకే గదిలో, ఏ సంకోచమూ లేకుండా, ఒకే పంచాంగంలో రాసుకున్న సంప్రదాయం ఇది. ఇందులో అన్నిటికంటే గొప్ప సంగతి, రాయి పని ఎంతకాలం సాగినా పూజ ఆగకపోవడం.

శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే నెలలో కూలింది. దాని స్థానంలో కట్టిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం చేశారు. ఇది రాయల గోపురమేనా? చరిత్ర చదివేవాడు కాదనాలి. రోజూ దాని కింద నుంచి దర్శనానికి వెళ్ళేవాడికి అది అదే వాకిలి. రెండు మాటలకీ చోటుంది, ఒకదాని చోట ఇంకోటి చెప్పకపోతే చాలు. కొత్త రాయి మీద పాత సంవత్సరం చెక్కితే అది మోసమవుతుంది.

ఈ మోసం గురించే ట్యాంకు దగ్గర ఎక్కువ జాగ్రత్త పడాలి. మిగతా మిషను అంతటికీ పాతదనం గౌరవం తెస్తుంది. ట్యాంకుకి తెచ్చేది ప్రమాదం. 30 డిగ్రీల దగ్గర తేమతో నిండిన గాలి ఒక్కో ఘనమీటరులో దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరి మోస్తుంది. ఆ గాలిని ఎనిమిదో వంతుకి నొక్కి చల్లబరిస్తే ఆవిరిలో చాలాభాగం నీళ్ళై ట్యాంకు అడుక్కి దిగుతుంది. సముద్రం అంత దూరంలో లేని ఈ నేలలో, వానాకాలంలో, పొద్దంతా ఆడిన మిషను అడుగున కాక్ తిప్పితే ముందు బుసమని ఎర్రటి నీళ్ళు చిమ్ముతాయి, ఆ వెనక గాలి వస్తుంది. ఆ ఎరుపు ట్యాంకు లోపలి రేకుదే. రోజూ కాక్ తిప్పకపోతే నీళ్ళు అక్కడే నిలిచి లోపల్నుంచి రేకును తింటూ పోతాయి. బయట రంగు మెరుస్తూనే ఉంటుంది.

అందుకే పాత మిషను బాగుచేయడం పిస్టను దగ్గర కాక ట్యాంకు దగ్గర మొదలుపెట్టాలి. సుత్తితో కొట్టి చప్పుడు విని సరే అనేస్తే సరిపోదు. అడుగున, అతుకుల దగ్గర అల్ట్రాసోనిక్ మీటరుతో రేకు మందం కొలవాలి. తర్వాత ట్యాంకులో గాలి బుడగ మిగలకుండా నీళ్ళు నింపి, చేతిపంపుతో పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల దాకా ఎక్కించి, ఆ ఒత్తిడి నిలుస్తోందో లేదో చూడాలి. గాలి బదులు నీళ్ళే ఎందుకంటే, నీళ్ళు దాదాపుగా నొక్కుడుపడవు. రేకు ఓడిపోతే చెమ్మ కారి ఒత్తిడి పడిపోతుంది. అదే గాలితో పరీక్షిస్తే ట్యాంకు బాంబులా పేలి ప్రాణాలు తీస్తుంది. సేఫ్టీ వాల్వు రింగు లాగి చూడాలి. మాటిమాటికీ బుసకొడుతోందని దాని స్ప్రింగు బిగించేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అంతకంటే పాపం ఈ వృత్తిలో లేదు. ఒత్తిడి హద్దు మీరకుండా చూడవలసిన బాధ్యతను 2025 దాకా అమలులో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్ ఫ్యాక్టరీ మీదే పెట్టింది. తుప్పు తిన్న అడుగుకి ముక్క అతికి వెల్డింగు పెట్టడం మరమ్మతు అనిపించుకోదు. విగ్రహాల విషయంలో ఆగమాల సాధారణ మార్గం కూడా ఇదే. చిన్న దెబ్బయితే సరిచేస్తారు, ప్రధాన అవయవం విరిగితే ఎంత ప్రాచీనమైన విగ్రహమైనా పూజ నుంచి తప్పించి నీటిలో కలుపుతారు, వేరేది ప్రతిష్ఠిస్తారు. దేన్ని వదులుకోవాలో తెలియని ప్రేమ ఇనుము దగ్గరా రాయి దగ్గరా కూడా హాని చేస్తుంది.

ఉంచుకోవలసినదాన్ని ఎలా అతకాలో నేర్పినవాడు మార్టూరు పొరుగునే ఒకడున్నాడు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కోరిక మీద నన్నయ భారతం తెలుగు చేయడం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ పర్వాన్ని అలాగే వదిలి విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు రాశాడు. మధ్యలో సందు మిగిలింది. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన దాన్ని పూరించాడు. నన్నయ ధోరణిలో అందుకుని తిక్కన ధోరణికి చేర్చాడని చదివినవాళ్ళు ఆయన్ని మెచ్చుకుంటారు. ఆ భాగాన్ని తనను పోషిస్తున్న రెడ్డిరాజుకి కాక, దాదాపు 300 ఏళ్ళ కిందటి రాజరాజ నరేంద్రుడికే అంకితం చేశాడు. మొదలుపెట్టించినవాడి బాకీ అది, ఆయనకే చెల్లాలి. అయినా నన్నయ ఎక్కడ ఆగాడో, ఎర్రన ఎక్కడ అందుకున్నాడో తెలుగు చదువుకున్నవాళ్ళకి తెలుసు. అతుకు కనిపిస్తుంది, గుచ్చుకోదు.

మిషను పనిలో ఇలాంటి నేర్పు మర దగ్గర బయటపడుతుంది. పాత కంప్రెసర్లలో బోల్టు రంధ్రాలకి అంగుళాల లెక్కన విట్‌వర్త్ మరలు ఉంటాయి. ఇప్పుడు కొట్లో తేలిగ్గా దొరికేవి మిల్లీమీటర్ల బోల్టులు. అర అంగుళం రంధ్రంలోకి 12 ఎంఎం బోల్టు వదులుగా దిగి, రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. తొందరలో ఉన్నవాడు పొడుగు స్పానరేసి దాన్ని ఎక్కించేస్తాడు, అక్కడితో పోత ఇనుములోని పాత మర ఊడిపోతుంది. తర్వాత వచ్చే మెకానిక్ ఆ రంధ్రాన్ని పెద్దది చేస్తాడు, ఆ తర్వాతివాడు చెవి విరగ్గొడతాడు. ఇలా మూడు చేతులు మారేసరికి ఎవరు చేసిన కర్మ ఎవరికి చుట్టుకుందో తేలదు. మంచి పనివాడు ముందు మర గేజి పెట్టి చూస్తాడు. సరైన బోల్టు దొరక్కపోతే లేత్ మీద కోయించి తెస్తాడు. దానికి ఒకరోజు పని ఆగుతుంది. షెడ్డు యజమాని ఆ ఒకరోజును నష్టంలో రాసుకోకూడదు.

ఇత్తడి నేమ్‌ప్లేటు సంగతి కూడా చెప్పాలి. దాని మీద నంబరు, తయారైన ఏడు, ఎంత ఒత్తిడికి చేసింది, ఎంత ఒత్తిడికి పరీక్షించింది అని ఉంటాయి. రంగు వేసేవాడు తరచుగా దాని మీద కూడా పులిమేస్తాడు. ట్యాంకు మార్చినవాడు పాత ట్యాంకు ప్లేటు ఊడదీసి కొత్తదానికి రివిట్ కొట్టిస్తే, చూసేవాడికి మిషను ‘అదే’ అనిపిస్తుంది. నిజానికి అక్కడే తెగిపోయింది. పుట్టిన ఏడు వేరు, మందం వేరు, మోయగలిగిన ఒత్తిడి వేరు. అలా కాక హెడ్డు ప్లేటు హెడ్డుకీ ట్యాంకు ప్లేటు ట్యాంకుకీ ఉంచి, ఏ భాగం ఎప్పుడు మారిందో, నీళ్ళ పరీక్ష ఎప్పుడు చేయించారో ఒక నోటుబుక్కులో రాసి షెడ్డులో వేలాడదీస్తే, అన్ని భాగాలూ మారిపోయినా ఆ మిషను అదేనని ధైర్యంగా చెప్పవచ్చు. దసరా నాడు బొట్టు పెట్టేటప్పుడు ఆ బుక్కు కూడా పళ్ళెంలో పెట్టడం సబబు. ఆయుధపూజలో లెక్కల పుస్తకాలకి ఎప్పటినుంచో చోటుంది.

తీసేసిన ట్యాంకు విషయంలో బాధ్యత షెడ్డు గడపతో ఆగదు. రేకు పల్చబడిందని తేలాక దాన్ని అలాగే తూకానికి వేస్తే, లారీ ఎక్కి ఇంకో ఊరు చేరి, నీలం రంగు పూసుకుని, ఏ పంక్చరు షాపు ముందో మళ్ళీ ఒత్తిడి కింద నిలబడవచ్చు. ఆ షాపులో పనిచేసే కుర్రాడికి దాని గతం తెలిసే దారి లేదు. పాత ఇనుము బండి ఎక్కించేముందు కాక్ తీసి, ఒత్తిడి, నూనె ఏమీ లేకుండా ఖాళీ చేసి, గ్యాస్ కట్టర్‌తో దాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేయించాలి. ప్లేటు ఊడదీసి నోటుబుక్కులో ఆ తేదీ వెయ్యాలి. కోత కూలి, తూకంలో తగ్గే డబ్బు యజమానే పెట్టుకోవాలి.